తడి పలక వాసన

గిద్దలూరు,
3 మార్చి 2024.

చిరంజీవి అశోక్‌కు, ఆశీస్సులు.

చివరి రోజు ఏం జరిగిందని ఫోనులో రెండుసార్లు అడిగావు. చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను. మీ అక్క కూడా ఊపిరి చాలక, ఫోనులో మాట్లాడలేక, ఏడాదిపాటు నీకు ఉత్తరాలే రాసింది. అంటించి ఇస్తే నేనే పోస్టు చేసేవాడిని. ఏం రాసిందో ఎప్పుడూ అడగలేదు. మిగిలిన కవర్లు ఇంట్లో ఉన్నాయి. ఇది వాటిలోదే.

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఆరింటికి కళ్ళు తెరిచింది. దిండ్లకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. పడుకుంటే ఊపిరి అందక నెల రోజులుగా కూర్చునే నిద్రపోయేది. అర గ్లాసు కాఫీ తాగింది. బెల్లం ముక్క అడిగింది. దగ్గు ఎక్కువవుతుందని, రేపు ఇస్తానన్నాను.

తొమ్మిదింటికి గోళ్ళు నీలంగా మారాయి. అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కుర్ర డాక్టరు ఒకాయన కాగితం నింపుతూ పేరు, వయసు, ఊరు అడిగాడు. "ఏం పని చేసేవారు?" అన్నాడు. "ఇంట్లోనే ఉంటుంది," అన్నాను. మాస్కు పైనుంచి మీ అక్క నా వైపు చూసింది. నీళ్ళు కావాలేమోనని గ్లాసు అందుకున్నాను. తల అడ్డంగా ఊపింది.

రెండూ పదికి పోయింది. నీ కారు నంద్యాల దాటిందని ఫోను వచ్చేసరికి సంతకాలు కూడా అయిపోయాయి.

మీ అక్కను ఇంటికి తెచ్చాక, నువ్వు రాకముందు సంగతి ఒకటి ఉంది. మార్కాపురం నుంచి యేసుమణి అనే ఆమె వచ్చింది. చిన్నప్పుడు మీ అక్కతో కలిసి తిరిగిన మనిషి, నీకు తెలిసే ఉంటుంది. గడప బయటే కూర్చుంది. ఆమెకూ దగ్గు ఉంది, మీ అక్క దగ్గులాంటిదే. లేచి వెళ్ళేముందు మీ అక్క చేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టింది. చీమలు పడతాయి తీసెయ్యమంది మా అమ్మ. తీసేశాను. "ఎవరామె?" అని అడిగింది. "తెలిసినామె," అన్నాను.

ఇంతే జరిగింది.

నరసింహం


బెంగళూరు,
24 మార్చి 2024.

బావకు నమస్కారం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినాను. సునీత చదివి వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

బావా, నువ్వు ఆ ఇంట్లో ఒక్కడివే ఉండొద్దు. వేసవి సెలవుల్లో ఇక్కడికి రా. ఊరికే రమ్మంటే రావు కాబట్టి పని కూడా చెబుతున్నా.

నా వ్యాపారం నీకు తెలిసిందే. ఇప్పుడు పలకల మీద రాసే పిల్లలు లేరు. ఆ మార్కాపురం రాయినే పళ్ళేలుగా కోయించి ఇక్కడి హోటళ్ళకు ఇస్తున్నా. నల్లటి పళ్ళెంలో తెల్లటి పదార్థం పెడితే ఎట్ల కనిపిస్తుందో నువ్వు చూడాల. ఇక్కడ వైన్ క్లబ్ ఒకటి ఉంది. నెలకొకసారి ఒక దేశం వైన్లు తెప్పించి, పదీ ఇరవై మంది కూర్చుని రుచి చూస్తారు. తాగి పడిపోయే పార్టీ కాదు బావా. పాఠం మాదిరి ఉంటుంది. మే పద్దెనిమిది, శనివారం సాయంత్రం జర్మనీ వైన్లు. జర్మనీలో ఆ ద్రాక్ష పండేది పలకరాయి కొండల మీదేనంట! అందుకని ఆ రోజు చీజు, రొట్టె మొత్తం నా పళ్ళేల్లోనే పెడుతున్నారు. రాయి గురించి ఎవరైనా రెండు మాటలు చెబితే బాగుంటుందని అడిగినారు. సైన్సు మాస్టారు బావ ఉండగా నేనెందుకు?

ఇంకో మాట. "మీ బావను ఒకసారి తీసుకొస్తా, నీ పళ్ళేలు చూపిస్తా" అని అక్క నాకు రాసింది. ఆ మాట మిగిలిపోయింది. నువ్వన్నా రా.

నీ అశోక్


గిద్దలూరు,
14 ఏప్రిల్ 2024.

చిరంజీవి అశోక్‌కు,

ఆమె రాసిందంటున్నావు కాబట్టి వస్తాను. నేను తాగను. ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పు.

మా బడిలో లెక్కల మాస్టారు బాలకృష్ణకు తెలిసిపోయింది. స్టాఫు రూములో అందరి ముందూ, "ఏంది సార్, వైను తాగేదానికి బెంగుళూరు పోతాండావంటనే? మన ఊరి వైను షాపు ఏం పాపం చేసినాది?" అన్నాడు. మన వైను షాపులో వైను తప్ప అన్నీ దొరుకుతాయన్నాను. అందరూ నవ్వారు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పబోయాను. చెప్పడానికి మనిషి లేదు.

నరసింహం


గిద్దలూరు,
26 మే 2024.

అశోక్,

స్టేషనులో దింపడానికి సునీత వచ్చింది. నువ్వు రాలేదు. మంచిదైంది. నేను అనాలనుకున్నవి పదిమందిలో అనవలసిన మాటలు కావు.

కోపం తగ్గుతుందేమోనని వారం ఆగాను. తగ్గలేదు.

ఆ సాయంత్రం నువ్వు అతిథులను చూసుకుంటున్నావు. నేను చూసింది నువ్వు చూసి ఉండవు. కాబట్టి రాస్తున్నాను.

ఇరవై రెండు మంది. ఒక్కొక్కరి ముందు ఆరు గ్లాసులు, ఒక తెల్ల కాగితం, ఉమ్మడానికి చిన్న బకెట్టు. పుక్కిలించి ఉమ్మడం ఇంత మర్యాదగా జరగడం నేనెక్కడా చూడలేదు. రాజేష్ అనే ఆయన నడిపించాడు. గోడ మీద జర్మనీ పటం వేశాడు. వంపులు తిరిగే నది, దాని మీదికి వాలిన కొండలు, కొండ నిండా పలకరాయి. ఆ రాయి పగటి ఎండను దాచుకుని పొద్దు వాలాక తీగలకు ఇస్తుందన్నాడు. బాగానే చెప్పాడు. గ్లాసు వంచి కాగితం మీద రంగు చూడమన్నాడు. తిప్పి వాసన చూడమన్నాడు. వైను నాలుక మీద ఆపి, పెదవులు సున్నాలా చుట్టి, గాలి లోపలికి పీల్చమన్నాడు. ఇరవై రెండు మంది ఒకేసారి పీల్చారు.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఏడాదిపాటు పక్క మంచం మీద విన్నాను.

మూడో గ్లాసు దగ్గర రాజేష్ కళ్ళు మూసుకుని, "తడి పలక," అన్నాడు. "వాన పడిన పలకరాయి వాసన." అందరూ తలలు ఊపారు. ఒకామె పుస్తకంలో రాసుకుంది. మీకు తెలుస్తోందా అని పక్కాయన నన్ను అడిగాడు. నేను తాగలేదు, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అబద్ధం రాయను. వచ్చింది. ఒకటో తరగతి గదిలో ముప్పై మంది పిల్లలు ఒక్కసారి పలకలు తుడిస్తే వచ్చే వాసన. అది జర్మనీ నుంచి సీసాలో వచ్చింది.

అప్పుడు నువ్వు నన్ను లేపావు. ఇక్కడ తడి పలక వాసన చూసినవాళ్ళు ఎవరు, చెయ్యెత్తండి అన్నాను. బడి అలవాటు. ఒక్కరూ ఎత్తలేదు. రాజేష్ కూడా ఎత్తలేదు. నా ముందున్న పళ్ళెంలోంచి చీజు తీసి పక్కన పెట్టి, ఖాళీ పళ్ళెం మీద నీళ్ళు పోసి, పక్కాయనకు ఇచ్చాను. అది చేతులు మారుతూ గది చుట్టూ తిరిగింది. తిరిగి నా చేతికి వచ్చినప్పుడు చూశాను. మూలనున్న రంధ్రానికి దారం, దారానికి ఒక అట్ట. అప్పటిదాకా అది పళ్ళెం కింద ఉంది.

అట్ట మీద మీ అక్క.

పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళు ఉంటాయి. పలకల గుట్ట మీద కూర్చుని, తలకు గుడ్డ కట్టుకుని, కనుబొమలతో సహా బూడిద రంగులో ఉంది. నవ్వుతోంది. ఆ ఫోటో నేనెప్పుడూ చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇద్దరం ఒకే బీరువా వాడాం. కింద ఇంగ్లీషులో నీ రాత. "మార్కాపురం మాలకొండమ్మ. తొమ్మిదేళ్ళ వయసు నుంచి పలకలు కోసింది. ఆమె చేతిలో రాయి పాడుతుంది."

రాయి పాడుతుందా? ఏడాదిపాటు ఆ మనిషికి నోట్లోంచి ఒక వాక్యం పూర్తిగా రాలేదు. పాడిందట. ఏ రాతి దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆమెను చంపిందో, ఆ రాతికే ఆమె బొమ్మ కట్టి చీజు కింద పెట్టావు. ఆ మాట చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా చప్పట్లు కొట్టారు. నేను నీళ్ళు పోయడం కార్యక్రమంలో భాగమనుకున్నారు. చప్పట్లలో ఏం చెబుతాం? కూర్చున్నాను.

పళ్ళెం తెచ్చుకున్నాను. అడగకుండా తెచ్చాను. దొంగతనం అనుకుంటే అనుకో.

రెండు ప్రశ్నలకు జవాబు రాయి. ఆ ఫోటో నీకు ఎవరిచ్చారు? నువ్వు అమ్మే పళ్ళేలను తడిపి కోస్తున్నారా, పొడిగా కోస్తున్నారా?

తడి పలక వాసన అంటూ అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ రాయిని తడిపి కోయించి ఉంటే ఆమె బతికేది.

నరసింహం


బెంగళూరు,
9 జూన్ 2024.

బావా,

నేను స్టేషనుకు ఎందుకు రాలేదో తెలుసా? వస్తే ఏడుస్తానని.

నా అక్కను చీజు కింద పెట్టినానా? ఈ మాట ఇంకెవరన్నా అనుంటే చొక్కా పట్టుకునేవాణ్ణి. నేను ఏడేళ్ళవాణ్ణప్పుడు అమ్మ చేనికి పోతే, అక్క నన్ను ఆ పలకల షెడ్డుకే తీసుకొని పోయేది. తన పక్కన కూర్చోబెట్టుకొని, కొంగు నా ముక్కుకు కట్టేది. తన ముక్కుకు కట్టుకోలేదు. కొంగు ఒకటే గదా. ఆ మాట నేను మరిచిపోయినానా?

రాయి పాడుతుంది అన్నది నా మాట కాదు. ఎవరి మాటో చెప్పను. ఫోటో ఎవరిచ్చినారో కూడా చెప్పను. చెప్పొద్దని మాట తీసుకున్నారు.

నేను ఒకటి అడుగుతా. నీకు పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. మా అక్క పలకల పని చేసిందని ఎవరికన్నా ఒక్కరికి, ఒక్కసారి చెప్పినావా? మీ బడిలో బాలకృష్ణ సారుకు తెలుసా? పెళ్ళిచూపుల్లోనే మీ అమ్మ, "పలకల పనికి పోయిన పిల్ల అని బయట అనొద్దండి, మావోడు టీచరు" అని మా నాయనతో అనింది. నేను పక్కనే ఉండా. పదకొండేళ్ళ పిల్లోణ్ణి, నాకేం అర్థమవుతుందిలే అనుకున్నారు. నువ్వూ పక్కనే ఉండావు.

నేను అట్ట మీదన్నా పెట్టినాను.

అశోక్


గిద్దలూరు,
17 జూన్ 2024.

అశోక్ గారికి,

మర్యాద పెరిగిందనుకోవద్దు. దగ్గరితనం తగ్గింది.

రెండు ప్రశ్నలు అడిగాను. ఒకటి చెప్పనన్నారు. రెండోది అడగనట్టే దాటేశారు. కాబట్టి నేనే నిన్న మార్కాపురం వెళ్ళాను.

యేసుమణి ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి లేవబోయింది. దగ్గు లేవనివ్వలేదు. ఆమె కొడుకు జీవానందం ఆటో నడుపుతాడు. అతనే కుర్చీ వేశాడు. ఆ రోజుల్లో పలకలు పొడిగా ఎందుకు కోసేవాళ్ళని అడిగాను.

"తడిపితే గీసిన గీత కనపడదు గదన్నా," అంది. "గీత తప్పితే పలక పాయె. మేస్త్రీ ఊరుకుంటాడా? పొద్దు గూకేసరికి మేమందరం ఒకే రంగు. మా అమ్మ నన్ను గొంతు విని గుర్తుపట్టేది." నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది.

"ఇప్పుడో?"

"ఇప్పుడంతా మిషన్లు. నీళ్ళ పైపు ఉంటాదంట. తిప్పరంట. నీళ్ళు పోస్తే బురదయితాది. ఆ బురద ఎవురెత్తాల?"

ఏం మందులు వాడుతున్నావన్నాను. టీబీ బిళ్ళలట. రెండో కోర్సు. "మాలకొండక్క మింగినవే గదన్నా," అంది. డాక్టరుకు పలకల పని సంగతి చెప్పావా అంటే, కొడుకు వైపు చూసింది. "వాడు చెప్పినాడు," అంది.

"ఏం చెప్పావయ్యా?" అన్నాను.

"ఇంట్లోనే ఉంటాది అని చెప్పినా సార్," అన్నాడు జీవానందం. "ఎప్పుడో పాత పని. ఇప్పుడు ఇంట్లోనే గదా ఉండేది."

కుర్చీలోంచి లేచాను. బస్సు ఎక్కి వచ్చేశాను.

మీ పళ్ళేలు పొడిగా కోసినవే అయితే ఆ అట్ట తీసేయండి. ఆమె ముఖం చూపించి ఇంకొకరి ఊపిరి అమ్మవద్దు. పొడిగానా, తడిగానా? ఒక్క మాట రాయండి. చాలు.

నరసింహం


బెంగళూరు,
30 జూన్ 2024.

బావా,

నన్ను "మీరు" అన్నావు. నీ సైకిలు ముందు కడ్డీ మీద కూర్చొని గిద్దలూరు అంతా తిరిగినవాణ్ణి నేను. ఇంకెంత తిట్టినా ఇంత తగిలేది కాదు.

ఒక్క మాట అడిగినావు. పొడిగానే.

నాకు తెలియదని చెబితే అది అబద్ధం. తెలుసుకోలేదు, అంతే. నీ ఉత్తరం వచ్చినాక షెడ్డు ఆయనకు ఫోను చేసినా. నీళ్ళ పైపు ఉంది సార్ అన్నాడు. వీడియో తీసి పంపమన్నా. పంపినాడు. పైపు ఉంది. చుట్ట చుట్టి మేకుకు తగిలించి ఉంది. దాని మీద వేలెడు దుమ్ము. మిషను దగ్గర ఒకామె తలకు గుడ్డ కట్టుకొని కూర్చొని ఉంది. వీడియో తీస్తున్నారని నవ్వింది బావా. ఫోను కింద పెట్టేసినా.

నీళ్ళు తిప్పేదాకా నాకు సరుకు వద్దని చెప్పినా. క్లబ్బు వాళ్ళు ఏమన్నా అనుకోనీ.

నీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ కవరులోనే పెడుతున్నా. అక్క ఉత్తరం. నీకు చెప్పొద్దని రాసింది. ఆ మాట తప్పుతున్నా. దీన్ని కూడా నువ్వే పోస్టు చేసినావు.

అశోక్

(లోపల పెట్టిన ఉత్తరం)

గిద్దలూరు,
8 జనవరి 2024.

అశోకూ,

బాగుండావా? సునీత, పిల్లోళ్ళు బాగుండారా? నేను ఉండా, కూర్చునే ఉండా. రెండు లైన్లు రాసి ఆగుతాండా. అందుకే ఇంకు ఒక రంగులో లేదు.

నువ్వు పళ్ళేలు చేపిస్తాండావని రాసినావు గదా. నా ఫోటో పంపుతాండా. మేస్త్రీ ఎవుర్నో కెమెరా ఆయన్ని పిలిపించినప్పుడు తీసింది. ఆ పొద్దు యేసుమణి పనికి రాల్యా, లేకుంటే నన్ను పక్కకు నూకి అదే కూర్చునేది. ఇన్నేళ్ళూ నా పెళ్ళి చీర మడతలో దాచిపెట్టినా. మీ బావ ఆ చీర జోలికి పోడు.

ఆ పళ్ళేల మీద నా ఫోటో పెట్టు. పేరు పెట్టు. తొమ్మిదో ఏటి నుంచి కోసిందని పెట్టు. రాయి పాడుతాదని కూడా రాయి. ఉత్త మాట కాదురా. వేలితో కొడితే మంచి పలక ఖంగుమంటాది, పగులుంటే మూగగా ఉంటాది. ఆ షెడ్డులో నా చెవి మీద ఎవురూ గెలవల్యా.

ఎందుకు అంటావేమో. ముగ్గురు డాక్టర్లకు చూపించినాడు మీ బావ. ముగ్గురూ ఏం పని చేసినావని అడిగిరి. మూడుసార్లూ ఇంట్లోనే ఉంటాది అనె. నేను పక్కనే ఉండా. నువ్వన్నా చెప్పకూడదా అంటావు. ఆయన ఒక మాట చెప్పినాక నేను కాదంటే, డాక్టరు ముందర ఆయన మొగం ఏమయితాది? నేను ఆ పని చెయ్యనట్టే బతికినా ఇన్నేళ్ళూ. నేను దొంగపని చేసినానా? ఆయన బడి పిల్లకాయలు రాసిన పలకల్లో సగం నేను కోసినవే అయ్యుంటాయి. అడుగు, ఒప్పుకోడు.

నాకు కోపం లేదనుకోవద్దు. ఉండాది. ఊపిరి లేక అరవల్యా.

సాయంత్రం పని దిగేటప్పుడు మేస్త్రీ తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాడు, దుమ్ము కడుక్కొని పోతాదని. నమ్మినాం. నేను ఇప్పటికీ తింటాండా. సైన్సు మాస్టారు పెళ్ళాన్ని గదా, ఆ మాట చెబితే నవ్వుతాడని, తీపి మీద ఆశ అని చెప్తాండా.

ఆయన మంచోడు. రాత్రిళ్ళు నాతో పాటే కూర్చునే ఉంటాడు. ఈ సంగతి చెప్పొద్దు. నాకు కొంచెం బాగైనాక నేనే తీసుకొస్తా ఆయన్ని. పళ్ళెం చేతికిచ్చి, ఎనక్కి తిప్పి చూడు అంటా.

మాలకొండ


గిద్దలూరు,
21 జూలై 2024.

అశోక్‌కు,

మూడు వారాలు జవాబు రాయలేదు. ఆమె ఉత్తరం నా దగ్గరే ఉంచుకుంటాను. అడగవద్దు.

రెండు నెలలుగా నా కోపానికి నీ చిరునామా రాసి పంపాను. వెనక్కి తీసుకుంటున్నాను. అంతా కాదు. పొడిగా కోస్తున్నారని తెలుసుకోకుండా అమ్మిన సంగతి నీదే. అది నీ దగ్గరే ఉంచుకో. మిగిలింది నాది.

నాది రాస్తాను.

చప్పట్లు కొట్టారు కాబట్టి చెప్పలేదని రాశాను. నిజం కాదు. చప్పట్లు అరనిమిషం కూడా లేవు. అవి ఆగాక అందరూ నా వైపు చూస్తూనే ఉన్నారు. నా భార్య పలకల కూలి అని ఆ గదిలో అనడానికి నాకు నోరు రాలేదు. మంచి చొక్కా వేసుకుని ఉన్నాను. నీ అట్ట మీద నాకు వచ్చిన కోపంలో సగం, ఆ సంగతి పదిమందికి తెలిసిందన్న కోపం.

ఆమెకు తెలియని సంగతి ఒకటి ఉంది. మూడో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆమెను బయట కూర్చోబెట్టి, నన్ను విడిగా పిలిచాడు. "రాళ్ళ పని, గనుల పని ఏమైనా ఉందా, మాస్టారూ?" అని సూటిగా అడిగాడు. "మాది టీచరు కుటుంబం సార్," అన్నాను. ఆయన మళ్ళీ టీబీ మందులే రాశాడు. చెప్పి ఉంటే బతికేదో లేదో నాకు తెలియదు. లేని జబ్బుకు రెండేళ్ళు మందులు మింగింది. కాళ్ళు మండుతున్నాయని, నోరు చేదని అంటూనే మింగింది. అది మాత్రం తెలుసు. సైన్సు చెప్పేవాణ్ణి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో ఏటా పిల్లలకు నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించేవాణ్ణి.

చివరి రోజు మాస్కు పైనుంచి చూసిన చూపు నీళ్ళ కోసం కాదు. నాలుగోసారి కూడా అదే మాట అన్నాను.

పోయిన ఆదివారం మా అమ్మ దగ్గరికి వెళ్ళి ఆ అట్ట చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఎందుకురా ఇదంతా ఇప్పుడు? పోయిన మనిషి," అంది. "పోయిన మనిషి కాబట్టే," అన్నాను. నిన్న బడికి తీసుకువెళ్ళాను. స్టాఫు రూములో బల్ల మీద పెట్టాను. బాలకృష్ణ చాలాసేపు చూశాడు. "మా అమ్మ గూడా పోయింది సార్ ఆ షెడ్డుకు," అన్నాడు. పదిహేనేళ్ళుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్నాం. ఆయన చెప్పలేదు, నేను చెప్పలేదు.

పళ్ళెం వేలితో కొట్టి చూశాను. ఖంగుమంది.

అట్ట తీయవద్దు. ఆమె అడిగి పెట్టించుకున్నది. తీయమనే హక్కు నాకు లేదు. కింద రెండు వాక్యాలు కలుపు. "ఈ రాయిని పదకొండేళ్ళు పొడిగా కోసింది. దాని దుమ్ముతో 2024 ఫిబ్రవరి 11న చనిపోయింది." ఆ అట్ట కట్టిన పళ్ళెం ఎవరూ కొనకపోతే కొనకపోనీ. క్లబ్బువాళ్ళు మళ్ళీ పిలిస్తే వస్తాను. ఈసారి చప్పట్లు ఆగేదాకా నిలబడతాను.

యేసుమణి రెండో కోర్సులో ఇంకా రెండు నెలల బిళ్ళలు మిగిలి ఉన్నాయి. నిన్న సాయంత్రం జీవానందానికి ఫోను చేశాను. "మళ్ళా డాక్టరు ఎందుకు సార్, ఉన్న మందులు అయిపోనీ," అన్నాడు. నేను చేసిన పని మొత్తం అతనికి చెప్పాను. ముందు నీకు రాద్దామనుకున్నాను. అతనికి చెప్పడమే ముందు జరిగింది. అంతా విన్నాడు. తర్వాత, "ఎన్ని గంటలకు వస్తావన్నా?" అన్నాడు. అంతకుముందు సార్ అనేవాడు.

రేపు సోమవారం. సెలవు పెట్టాను. పొద్దున ఆరున్నర బస్సుకు మార్కాపురం వెళతాను. జీవానందం ఆటోలో యేసుమణిని ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకువెళతాను. మీ అక్క ఎక్స్‌రేలు, పళ్ళెం, ఒక బెల్లం ముక్క సంచిలో పెట్టుకున్నాను. బెల్లం మందు కాదని యేసుమణికి చెబుతాను. చెప్పి, ఇస్తాను. డాక్టరు కాగితం తీసి పేరు, వయసు, ఊరు అడుగుతాడు. పని అడిగేదాకా నేను ఆగను. మాలకొండమ్మ, నా భార్య, పలకలు కోసేది అని చెప్పి ఎక్స్‌రేలు బల్ల మీద పెడతాను. ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చుంటాను. యేసుమణి ఏం పని చేసిందో యేసుమణే చెబుతుంది.

నరసింహం